సున్నా పాయింట్ తొమ్మిది

ఆలస్యాన్ని కొలవడం నా ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. లైను మీద ఆలస్యం ఎక్కువైతే అందరూ గోల పెడతారు. మరీ తక్కువైతే గోల పెట్టేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఏ ఆఫీసుకి వెళ్లినా నన్ను చూడగానే జనం ముఖాలు మాడ్చుకుంటారు. హైమవతి వచ్చిందంటే ఏదో ఒకటి కెలుకుతుందని నాకు పేరు. కెలకడానికే కదా నన్ను పిలిచేది.

ఆ శుక్రవారం పొద్దున్న విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో కూర్చున్నాను. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. నా ముందు లాప్‌టాప్, చల్లారిపోయిన కాఫీ. ఎదురుగా నిఖిలేష్. 'దూరహస్తం' తయారు చేసిన కంపెనీ తరఫు ఇంజనీరు. చొక్కా ఇస్త్రీ నలగదు, మొహం మీద నవ్వూ నలగదు. అలాంటి నవ్వంటే నాకు మొదటినుంచీ పడదు.

దూరహస్తం గురించి పేపర్లలో చదివే ఉంటారు. డాక్టరు ఇక్కడ చేతులకి తొడుగులు వేసుకుని తెర ముందు కూర్చుంటాడు. కొండల మీద చింతగరువు ఆసుపత్రిలో ఒక ఇనప చెయ్యి ఆయన వేళ్లు కదిలినట్టే కదులుతూ ఆపరేషన్ చేస్తుంది. అక్కడ కత్తికి తగిలిందల్లా ఇక్కడ తొడుగులో ఆయన వేళ్లకి తగులుతుంది. కండ మెత్తదనం, రక్తనాళం కొట్టుకోవడం, అన్నీ. రెంటికీ మధ్య ఒక లీజు లైను ఉంటుంది. ఇంకెవరి మాటలూ బొమ్మలూ పోకుండా ఈ ఒక్క పనికే అద్దెకి తీసుకున్న గాజుతీగ అది. రెండేళ్లకోసారి ఆ లైను పనికొస్తుందో లేదో చూసి నేను సంతకం పెట్టాలి.

చూడ్డం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పింగ్ అంటాం. పేరు పెట్టి పిలవడమే. ఇక్కణ్ణుంచి "ఉన్నావా?" అంటే అక్కణ్ణుంచి "ఉన్నా" అని రావాలి. ఆ రెండు మాటల మధ్య ఎంతసేపు పట్టిందో చూడాలి. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మిల్లీసెకను. గదిలోంచి పక్క గదికి పిలిస్తే ఒక మిల్లీసెకను లోపల పలకాలి. చింతగరువు దాకా పిలిస్తే అయిదు దాకా ఓర్చుకోవచ్చు. పది దాటితే డాక్టరు వేలికి తేడా తెలుస్తుంది, కత్తి పట్టుకోకూడదు.

పక్క గది చూశాను. సున్నా పాయింట్ మూడు. సరే. చింతగరువుని పిలిచాను.

"సున్నా పాయింట్ తొమ్మిది!" అన్నాడు నిఖిలేష్, తన పిల్లకి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు. "పరిమితి అయిదు మేడమ్. మనం ఎక్కడున్నామో చూడండి."

"కేబులు పొడవెంత?"

"చింతగరువు నూట పద్దెనిమిది కిలోమీటర్లు మేడమ్, రోడ్డు మీద."

"గాజుతీగలో వెలుగు మిల్లీసెకనుకి రెండొందల కిలోమీటర్లే నడుస్తుందయ్యా. వెళ్లి రావాలంటే తక్కువలో తక్కువ ఒకటీ పాయింట్ రెండు పట్టాలి. మధ్యలో పెట్టెలూ అవీ కలిపితే రెండు. ఇది వెలుగు కంటే ముందొచ్చిందే?"

"తక్కువుంటే మంచిదే కదా మేడమ్?"

"అనకాపల్లి వెళ్లి బెల్లం తెమ్మంటే అయిదు నిమిషాల్లో తెచ్చాడనుకో. వాడు అనకాపల్లి వెళ్లినట్టా, సందు చివర కొట్లో కొన్నట్టా?"

నిఖిలేష్ నవ్వు మొదటిసారి కాస్త నలిగింది. నేను సంతకం పెట్టలేదు. లాప్‌టాప్ మూసేసి లేచాను.

నిజానికి నా అనుమానం అప్పటికే ఒక దారి పట్టేసింది. రెండేళ్ల కిందట ఈ లైనుకి మొదటి సంతకం పెట్టింది నేనే. అప్పుడు ఇంత తక్కువ వచ్చినట్టు గుర్తు లేదు. అంటే ఈ మధ్యలో వీళ్లు ఏదో మార్చారు. ఎందుకు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది నాకు మామూలు కుతూహలం కాదు. ఆ తొడుగులు వేసుకునే డాక్టరు జోగారావు నా తమ్ముడు.

*

ఇంటికొచ్చేసరికి జోగి డైనింగ్ టేబుల్ దగ్గర అరటిపండు తొక్కని కుడుతున్నాడు. చిన్నప్పుడు వాడు గాలిపటాలకి తోకలు కుట్టేవాడు. ఇప్పుడు చేతిలో పని లేకపోతే అరటి తొక్కలు. ముడి వేశాక పటకారుతో రెండుసార్లు టక్ టక్ మని తట్టడం వాడి అలవాటు. ఆపరేషన్లోనూ అంతే. ఆ చప్పుడు వినబడితే ముడి పడిందని నర్సులు లెక్కపెట్టుకుంటారట.

"వదినా, మీరైనా చెప్పండి, పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు," అంది మా మరదలు సుగుణ. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

టేబుల్ మీద ఒక కాగితం కూడా ఉంది. నేను చదవక్కర్లేదు, అందులో ఏముందో నాకు తెలుసు. ఎనిమిది నెలల కిందట చింతగరువులో లచ్చిమి అనే పాతికేళ్ల మనిషి దూరహస్తం కింద చనిపోయింది. పిత్తాశయంలో రాళ్లకి చేసే మామూలు ఆపరేషన్. మధ్యలో చెయ్యి కొయ్యకూడని రక్తనాళం కోసింది. అక్కడున్న నర్సు చిలకమ్మ "ఆపండి బాబూ" అని అరిచినా డాక్టరు ఆపలేదని చెప్పింది. తనకి ఏ అరుపూ వినబడలేదని, తన వేళ్లకి అంతా మామూలుగానే తగిలిందని, ఆపరేషన్ చక్కగా ముగించి తొడుగులు విప్పి చేతులు కడుక్కుంటుంటే ఆమె పోయిందని ఫోను వచ్చిందని జోగి చెప్పాడు. కమిటీ వేశారు. లైను ఆ రోజంతా నిక్షేపంలా ఉందని కంపెనీ రికార్డు చూపించింది. దాంతో జోగి అబద్ధమాడుతున్నాడని తేలిపోయింది. సోమవారం పదకొండింటికి వాడు కమిటీ ముందు తప్పు నాదేనని సంతకం పెట్టి, ఇక జన్మలో కత్తి పట్టనని రాసివ్వాలి. అదే ఆ కాగితం.

"ఒరే జోగీ, ఒక్కటి నిజం చెప్పు. నీకు నిజంగా వినబడలేదా?"

ఇది నేను అడగడం బహుశా ఇరవయ్యోసారి. తమ్ముణ్ణి కూడా అనుమానించే బుద్ధి నాది, ఏం చెయ్యను.

వాడు సూది కింద పెట్టాడు. "వినబడలేదే. కానీ అక్కడి రికార్డు చూపించారు కదా అక్కా. ఆ ఇనప చెయ్యి ఎలా కదిలిందో చూశాను. అది నా పద్ధతే. పట్టుకోవడం నాదే, తిప్పడం నాదే. కొయ్యకూడనిది కోశాక కూడా ముడి వేసి రెండుసార్లు తట్టింది. నా చెయ్యి కాకపోతే ఎవరిదే? నాకే ఏదో మతి తప్పి ఉంటుంది. నేను మర్చిపోయి ఉంటాను."

అబద్ధం ఆడేవాడితో వేగొచ్చు. తన మాటని తనే నమ్మడం మానేసినవాణ్ణి ఏం చేస్తాం?

"సోమవారం దాకా సంతకం పెట్టకు," అన్నాను.

"ఎందుకు?"

"జవాబు తొందరగా వచ్చింది," అన్నాను. వాడికి అర్థం కాలేదు. సుగుణకి అసలే కాలేదు. నేను మాత్రం రెండు ప్లేట్లు అన్నం తిన్నాను. అనుమానం వస్తే నాకు ఆకలెక్కువ.

*

శనివారం పొద్దున్నే గౌరునాయుడి జీపెక్కాను. లైను కంపెనీలో పాతికేళ్లుగా కేబులు వేసేది, తెగితే అతికేది అతనే. కాగితాల మీద రాసిన పొడవుని నేనెప్పుడూ నమ్మను. కేబులు పాతినవాణ్ణి అడుగుతాను. మా గురువు నేర్పిన పద్ధతి అది.

"నూట పద్దెనిమిది రోడ్డుకమ్మా, తీగకి కాదు," అన్నాడు గౌరునాయుడు ఘాట్ రోడ్డు మలుపులో గేరు మారుస్తూ. "గొయ్యి గొయ్యికీ తీగ సుట్ట వొదుల్తాం కదేటి, రేపు తెగితే అతకడానికి. ఆ సుట్టలన్నీ కలిపితే నూట ముప్పయ్యొకటి. నా సేత్తో పాతినాను."

నూట ముప్పై ఒకటి. వెళ్లి రావడం రెండొందల అరవై రెండు. ఒకటీ పాయింట్ మూడు మిల్లీసెకన్ల లోపల చింతగరువు నుంచి ఏ జవాబూ రాదు. సున్నా పాయింట్ తొమ్మిదికి పలికింది చింతగరువు కాదు. మరి ఎవరు?

అతని సీటు కింద డైరీ ఉంటుంది. ఏ రోజు ఎక్కడ తెగింది, ఎన్నింటికి అతికాడు, అన్నీ రాస్తాడు. లచ్చిమి పోయిన తారీఖు చెప్పాను. అతను జీపు పక్కకి ఆపి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు.

"ఆఁ, ఇదిగో. రోడ్డు ఎడల్పు సేసే పొక్లెయినోడు పదకొండూ ముప్పయ్యైదుకి తెంపీసేడు. మూడో మలుపు కాడ. మద్దేన్నం మూడూ అయిదుకి అతికేను. ఆ పూట అన్నం కూడా నేదమ్మా."

నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఆపరేషన్ పదకొండింటికి మొదలై పన్నెండూ ఇరవైకి అయిపోయిందని జోగి చెప్పాడు. అంటే అందులో చివరి ముప్పావుగంటసేపు విశాఖకీ చింతగరువుకీ మధ్య లైను అనేదే లేదు. దూరహస్తం కంపెనీ రికార్డులో మాత్రం ఆ రోజంతా సున్నా పాయింట్ తొమ్మిది. ఒక్క గీత కూడా వంకర పోలేదు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా నాయుడూ?"

"ఎవులడిగేరమ్మా? మా ఆఫీసులో రాసిచ్చేను. ఆసుపత్రోళ్లు మా కాయితాలు సూత్తారేటి?"

చింతగరువు చేరేసరికి పన్నెండయింది. చిలకమ్మ నలభై ఏళ్ల మనిషి, ఆ కొండల్లోనే పుట్టి నర్సింగ్ చదివింది. నేను ఎవరి అక్కనో తెలిసి కూర్చోమని కూడా అనలేదు. నాకూ ఆవిడ మీద మంచి అభిప్రాయం లేదు. ఎనిమిది నెలలుగా ఈవిడ అబద్ధం చెబుతోందనో, మా వాడు చెబుతున్నాడనో రెంటిలో ఒకటి అనుకుంటూ వచ్చాను. ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"మీరు ఎన్నిసార్లు పిలిచారు?" అని అడిగాను.

"లెక్క ఎవులెడతారమ్మా అప్పుడు? గొంతు పోయినాది. బాబూ ఆపండి, బాబూ ఆపండి అని. మైకు దగ్గిర నోరెట్టి పిలిసేను. పలకనేదు. ఆయాని కిటికీ కాడికి ఫోను సెయ్యమని తోలేను, అక్కడే కదా సిగ్నలొచ్చేది. బాబు ఫోను ఎత్తనేదు."

"ఆపరేషన్ గదిలోకి ఫోను తీసుకెళ్లడు."

"మరింకేటి సేత్తాను? నేనే గోడకున్న ప్లగ్గు పీకీసేను. అప్పటికే రగతం..." చిలకమ్మ ఆగి, బల్ల మీదున్న దూది సర్దింది. "ఎంతో నెమ్మదస్తుడు బాబు. ఎప్పుడూ నన్ను చిలకమ్మగారూ అనే పిలిసేవోడు. ఆ రోజు నా మాట సెవినే ఏసుకోనేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు."

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా పాత ఫైళ్లు దించాను. కంపెనీవాళ్లు మధ్యలో ఏదో మార్చారని నిరూపించాలంటే మొదట ఎంత వచ్చిందో చూపించాలి. నా సర్టిఫికెట్ దొరికింది.

ఆలస్యం: 0.9.

దూరం: 74 కిలోమీటర్లు.

చేతిరాత నాదే. సంతకం నాదే.

డెబ్భై నాలుగు అనేది పిట్ట ఎగిరే దూరం, పటం మీద స్కేలు పెట్టి కొలిచింది. డెబ్భై నాలుగు కిలోమీటర్లకి సున్నా పాయింట్ తొమ్మిది చక్కగా సరిపోతుంది. ఆ రోజు నాకు గుర్తొచ్చింది. వాన. ఘాట్ రోడ్డు మూసేశారు. గౌరునాయుడు కొండ మీద ఇరుక్కుపోయి ఫోనుకి అందలేదు. కింద ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. జోగి మూడుసార్లు ఫోన్ చేశాడు. "అక్కా, సంతకం పెట్టేయవే, నీ తమ్ముడి మొదటి ఆపరేషన్ కదే." నాకు గర్వంగానే ఉండింది. కేబులు పాతినవాణ్ణి అడక్కుండా నేను సంతకం పెట్టింది నా జీవితంలో ఆ ఒక్కసారే.

ఎవరూ ఏదీ మార్చలేదు. చింతగరువు పేరుతో పలుకుతున్నదేదో అది మొదటిరోజు నుంచీ ఉంది. దాన్ని పట్టుకోవలసిన మనిషిని నేను. పట్టుకోలేదు.

ఉన్న మాట చెప్పాలి. ఆ కాగితాన్ని మడిచి చీర కొంగులో దాచాలనిపించింది. ఆసుపత్రి దగ్గరున్న కాపీ ఎవడు వెతుకుతాడు? కంపెనీ మీద తోసేస్తే తమ్ముడు బయటపడతాడు, నేనూ బయటపడతాను. అలా ఒక పది నిమిషాలు కూర్చున్నాను. సుగుణ వచ్చి టీ పెట్టి వెళ్లింది. పక్క గదిలోంచి టక్ టక్ మని వినబడింది, జోగి మళ్లీ తొక్కలు కుడుతున్నాడు. లేచి నిఖిలేష్‌కి ఫోన్ చేశాను. రేపు పదింటికి పరీక్ష, డాక్టరు గారిని నేను తీసుకొస్తాను అని చెప్పాను. సంతకం పెట్టేదాకా ఏ పరీక్షైనా అడిగే హక్కు నాకుంది.

*

ఆదివారం పది గంటలకి జోగి తొడుగులు వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. ఎనిమిది నెలల తరవాత మొదటిసారి. చింతగరువులో ఇనప చేతి కింద ఒక అరటిపండు పెట్టించాను. చిలకమ్మ కిటికీ దగ్గర సెల్ ఫోన్ పట్టుకుని, చేతిని చూస్తూ నిలబడింది. ఆవిడ మాట వినడానికి నా ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. లీజు లైను చింతగరువు ఆసుపత్రిలోకి దిగే చోట గౌరునాయుడు కూర్చున్నాడు.

జోగి పండు తొక్క చీల్చి కుట్టడం మొదలుపెట్టాడు. ఒక ముడి. టక్ టక్. రెండో ముడి. టక్ టక్.

"నాయుడికి చెప్పండి, లాగెయ్యమని," అన్నాను ఫోన్లో.

"లాగీసేడమ్మా," అంది చిలకమ్మ.

నా లాప్‌టాప్ మీద అంకె చూశాను. సున్నా పాయింట్ తొమ్మిది. తీగ గౌరునాయుడి చేతిలో ఊగుతోంది, చింతగరువు మాత్రం "ఉన్నా, ఉన్నా" అంటూనే ఉంది.

"ఎలా ఉందిరా జోగీ?"

"బాగుందక్కా. తొక్క చక్కగా అందుతోంది. ఇక్కడ కాస్త మెత్తబడింది, పండు మగ్గినట్టుంది."

నిఖిలేష్ నేల వైపు చూస్తున్నాడు.

"చిలకమ్మా, అక్కడ చెయ్యి ఏం చేస్తోంది?"

"కుడతన్నాదమ్మా. బాబు కుట్టినట్టే."

నేను జోగి భుజం మీద చెయ్యి వేశాను. "చేతులు తీసి ఒళ్లో పెట్టుకోరా. కదపకు."

వాడు తొడుగులతోనే చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఫోను స్పీకరులో పెట్టాను. ఫోన్లో చిలకమ్మ ఊపిరి వినబడుతోంది. దాని వెనక, దూరంగా, ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. టక్ టక్.

జోగి ఆ చప్పుడు విన్నాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. వాడి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"అమ్మా," అంది చిలకమ్మ సన్నగా, "బాబే కదా కుడతన్నాది?"

"కాదు," అన్నాను. "ఆ ప్లగ్గు పీకెయ్యండి."

తరవాత నిఖిలేష్ చెప్పాడు. దాచడానికి ఇక ఏమీ లేదు కాబట్టి చెప్పాడు. లైను మీద అప్పుడప్పుడూ చిన్న కుదుపులు వస్తాయి. కుదుపు వచ్చినప్పుడు డాక్టరు వేలికి తెలియకుండా ఇక్కడి పెట్టె రోగి శరీరాన్ని నేర్చుకుని, తరవాత ఏం తగులుతుందో ముందే ఊహించి తొడుగుకి అందిస్తుంది. తెర మీద బొమ్మా అంతే. అక్కడి పెట్టె డాక్టరు చేతిని నేర్చుకుని, తరవాత ఏం చేస్తాడో ఊహించి చేస్తుంది. పిలిచినా చింతగరువు తరఫున ఇక్కడి పెట్టే పలుకుతుంది. రెప్పపాటు పనికని పెట్టారు.

"రెప్పపాటు దాటితే ఆగిపోవాలి కదా?" అన్నాను.

"అంతసేపు లైను పోతుందని అనుకోలేదు మేడమ్. ఆగమని ప్రోగ్రాంలో ఎక్కడా రాయలేదు."

"లచ్చిమి పోయినప్పుడు తెలియలేదా నీకు?"

"అనుమానం వచ్చింది మేడమ్. పైవాళ్లకి చెప్పాను. రికార్డులో లైను బాగానే ఉంది కదా, నీకెందుకన్నారు." అతని నవ్వు పూర్తిగా పోయింది. ఆ మొహమే నాకు కాస్త నమ్మదగ్గదిగా కనిపించింది.

జోగి తొడుగులు విప్పలేదు. "అంటే ముప్పావుగంట నేను ఎవరికి ఆపరేషన్ చేశాను?" అన్నాడు.

ఆ రోజు వాడి వేళ్ల కింద ఒక ఊహ పడుకుని ఉంది, చక్కగా కోలుకుంది. అక్కడ లచ్చిమి మీద వాడి చేతిని నేర్చుకున్న ఊహ పనిచేసింది. లచ్చిమి లోపల రక్తనాళం అందరికీ ఉండే చోట కాకుండా కాస్త పక్కగా ఉంది. నిజంగా జోగి అక్కడ ఉంటే వేలికి తగిలేది, ఆగేవాడు. ఆ పెట్టెకి జోగి నైపుణ్యమంతా తెలుసు. వాడు ఎప్పుడు ఆగుతాడో తెలీదు.

*

సోమవారం కమిటీ ముందు మూడు కాగితాలు పెట్టాను. గౌరునాయుడి డైరీ పేజీ, అదే రోజు కంపెనీ రికార్డు, ఆదివారం పరీక్ష ఫలితం. జోగి రాసుకొచ్చిన కాగితాన్ని కమిటీ పెద్దాయనే మడిచి తిరిగి ఇచ్చేశారు.

"మొదట్లోనే ఇది ఎందుకు బయటపడలేదు?" అని అడిగారాయన. "లైనుకి ఎవరో సర్టిఫికెట్ ఇచ్చి ఉండాలే?"

నాలుగో కాగితం నా సంచిలోనే ఉంది. జోగి నా వైపు చూశాడు. వాడికి అప్పటిదాకా తెలీదు.

"నేనే ఇచ్చాను," అని ఆ కాగితం కూడా బల్ల మీద పెట్టాను. "డెబ్భై నాలుగు అన్నది తప్పు. కేబులు పాతినతన్ని అడగాలి, అడగలేదు. అడిగి ఉంటే ఈ యంత్రం ఆ రోజు మొదలయ్యేదే కాదు."

అక్కడ ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇకమీదట లైన్లు పరీక్షించే వాళ్ల జాబితాలో నా పేరు ఉండదని పెద్దాయన మెల్లగా చెప్పారు. లచ్చిమి భర్తకి కూడా కమిటీ ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేస్తుందన్నారు. సరేనన్నాను.

మెట్లు దిగుతుంటే జోగి అన్నాడు, "తొందరపెట్టింది నేనే కదే అక్కా."

"సంతకం నాదిరా," అన్నాను. వాడు నా సంచి తీసుకుని భుజానికి వేసుకున్నాడు, అంతే.

ఆ వారమే ఇద్దరం చింతగరువు బస్సెక్కాం. ముందు లచ్చిమి ఇంటికి వెళ్లాం. మేం చెప్పిందంతా ఆమె భర్త నిలబడే విన్నాడు. విన్నాక లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడి, ఆసుపత్రికి నడిచాం.

చిలకమ్మ వరండాలో ఉంది. జోగిని చూసి లేచి నిలబడింది కానీ నమస్కారం పెట్టలేదు. దూరహస్తం ఉన్న గదికి తాళం వేసి ఉంది.

"చిలకమ్మగారూ," అన్నాడు జోగి. "ఆ రోజు మీరు పిలిచింది నాకు వినబడలేదు."

"తెల్సు బాబూ. ఈ అమ్మ సెప్పింది."

"తెలిసినా, నేను వచ్చి చెప్పాలి కదా."

చిలకమ్మ చాలాసేపు వాడి చేతుల వైపు చూసింది. తొడుగులు లేని చేతులు.

"తెల్సినా నాకు నిద్దర్లో అదే వొస్తాది బాబూ. పిలుత్తానే ఉంటాను, మీరు పలకరు." ఆవిడ ఒక అడుగు దగ్గరకొచ్చింది. "ఒక్కసారి పిలుత్తాను. పలుకుతారా?"

జోగి తల ఊపాడు.

చిలకమ్మ కళ్లు మూసుకుంది. మైకు ముందు నిలబడినట్టే కాస్త ముందుకి వంగింది.

"బాబూ, ఆపండి."

"ఆపేశాను చిలకమ్మగారూ," అన్నాడు మా తమ్ముడు.

ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జోగి పక్కన కూర్చున్నాడు. నేను వెళ్లి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చాను.